మెక్సికోదేశమునందలి పాలకపునీతుల తిరునాళ్ళు

మెక్సికో దేశపటమును విప్పి యందలి యూళ్ళపేళ్ళను జదువువారికి నొక విశేషము వెంటనే గోచరించును. ఆ పేళ్ళలోఁ బెక్కింటికి రెండేసి భాగములు గలవు. సాన్ హువాన్ చామూలా, సాన్తా మరీయా త్లావితోల్తెపెక్, సాన్ పెద్రో చొలూలా, సాన్తియాగో త్లతెలోల్కో యనునవి యిట్టివి. అందు మొదటిభాగము క్రైస్తవమతమునందలి యొక పుణ్యపురుషుని నామమో మేరీమాత నామమో యైయుండును. రెండవది స్పెయినువారు రాకపూర్వమే యాచోటికిఁ గల దేశ్యనామము. ఇంచుమించుగా నైదునూఱేండ్ల చరిత్ర యా రెండు ముక్కల నడుమ నిమిడియున్నది. మొదటిభాగమునఁ బేర్కొనఁబడిన పుణ్యపురుషుఁడే యాయూరికిఁ బాలకుఁడు. సంవత్సరమున కొకపరి యాతని దినము వచ్చును. ఆ దినమునఁ జేయు పండుగకు స్పానిషుభాషలో "ఫియెస్తా పాత్రొనాల్" అని పేరు. ఆ పండుగయు, దానినిబట్టి యూరివారు దాల్చు నభిమానమును నీ వ్యాసమునకు విషయములు.

ముందుగాఁ బరిభాషనుగూర్చి రెండు మాటలు. ఇట్టి పుణ్యపురుషులను మన తెలుఁగు కథోలికులు "పునీతులు" అందురు. నేనును నా మాటనే కైకొంటిని. "గ్రామదేవత" యనుట సులభముగాఁ దోఁచును గాని యది పొసఁగదు. పునీతుఁడు దేవుఁడు గాఁడు. ఒకప్పుడు మనుష్యుఁడై జీవించి, మరణించిన పిమ్మట దేవుని సన్నిధిని భక్తులపక్షమున విన్నపము సేయువాఁడని మతశాస్త్రము. ఐనను శాస్త్రము వేఱు, ఊరివారి వ్యవహారము వేఱు. మెక్సికోలోని పల్లెవాఁడు "మా సాన్ హువాన్" అనుచుఁ దనయూరివాఁడును బొరుగూరి సాన్ హువానును నిరువురు వేఱువేఱు వ్యక్తులైనట్లే మాటాడును. వానలు తప్పినచో నాతనినే యడుగును. అవసరమైనచో నాతనిపై నలుగును గూడ. ఇఁక "ఫియెస్తా" యనుదానికిఁ "దిరునాళ్ళు" అనునది తగిన మాట. బెజవాడచెంత గుణదలలో ఫిబ్రవరినెలయందు జరుగు మేరీమాత యుత్సవమును మనవారు తిరునాళ్ళనియే వ్యవహరించుచుండుట యిందుకుఁ దార్కాణము.

1521 వ సంవత్సరమున తెనోచ్తిత్లాన్ నగరము స్పెయినువారి వశమయ్యెను. 1524 లో ఫ్రాన్సిస్కను సంఘమునకుఁ జెందిన సన్న్యాసులు పండ్రెండుగు రటకు వచ్చిరి. వారి వెనుక దొమినికనులును, ఆగస్తీనియనులును వచ్చిరి. అప్పటికి మధ్యమెక్సికోయందు నావాత్లుభాష మాటాడువారికి "అల్తెపెత్ల్" అను నొక వ్యవస్థ గలదు. ఈ పదము మన పండితులు గమనింపఁదగినది. "ఆత్ల్" అనఁగా నీరు. "తెపెత్ల్" అనఁగాఁ గొండ. నీరును గొండయుఁ గలిసిన యీ జంటపదమునకు నూరు, రాజ్యము నని యర్థము. నీరును గొండయు నున్నచోటనే యూరు వెలయును గావున నీ కూర్పు ద్వంద్వసమాసమువలె నుండియు మూఁడవ యర్థమును జెప్పుచున్నది. ప్రతి యల్తెపెత్లునకును, అందలి ప్రతివాడకును దనదైన వేల్పును, దనదైన గుడియు నుండెను. ఒకయూరు జయింపఁబడినదని చిత్రలిపిలోఁ జెప్పవలసినచో, మంటలతోఁ గూలుచున్న గుడిబొమ్మను వ్రాసెడివారు. ఊరికి గుర్తు రాజు గాఁడు, కోట గాదు, గుడి. ఇది మనసున నుంచుకొన్నచోఁ దరువాతి చరిత్రము సుబోధమగును.

గుడులు కూలినవి. వానితోపాటు మనుష్యులును గూలిరి. మసూచి మొదలైన క్రొత్తరోగములు వరుసగాఁ జెలరేఁగి జనసంఖ్యను మిక్కిలి తగ్గించెను. చెదరి మిగిలిన పల్లెలవారిని ప్రభుత్వము 16 వ శతాబ్దపు నడుమను, మరల నా శతాబ్దాంతమునను నొకచోటికిఁ జేర్చి, తిన్నని వీథులతో, నడుమ విశాలమైన యంగణముతోఁ గ్రొత్తయూళ్ళను నెలకొల్పెను. అంగణమున కొకవైపున గుడి; గుడిలో నొక పునీతుని ప్రతిమ. ఊరిపేరునకు ముందు చేరిన స్పానిషుముక్క యీ కాలమునాఁటిదే. జేమ్స్ లాక్‌హార్టు అను చరిత్రకారుఁడు నావాత్లుభాషలో వ్రాయఁబడిన వీలునామాలను, భూమిపత్రములను బరిశీలించి 1992 లోఁ బ్రకటించిన గ్రంథమునందుఁ బునీతుఁ డెట్లు పాతవేల్పు నిలిచినచోటనే యూరికి గుఱుతై నిలిచెనో చూపియున్నాఁడు. ఇంటికిఁ బునీతుఁడే యజమానుఁడైనట్లును, ఇంటివారు వానికి నూడిగము సేయువారైనట్లును దెలుపు వీలునామాలు గలవు.

ఈ మార్పిడి ననుమానించినవారు నాఁడే కలరు. నావాత్లుభాషను జక్కఁగా నేర్చి యా జనుల యాచారములను విపులముగా వ్రాసిపెట్టిన బెర్నార్దీనో దె సాహగూన్ అను ఫ్రాన్సిస్కను సన్న్యాసి తెపెయాక్ కొండకడ మేరీమాత గుడికి దూరదేశములనుండి జనులు వచ్చుటను, వచ్చి యామెను "తొనాన్త్సిన్" అని పిలుచుటను గాంచి కలఁతనొందెను. "తొ" యనఁగా మన, "నాన్" అనఁగాఁ దల్లి, "త్సిన్" అనునది గౌరవార్థకము, మన "గారు" వంటిది. ఈ పేరు మేరీమాతకుఁ జెల్లునా, పూర్వమచట నుండిన వేల్పునకుఁ జెల్లునా యనునది సాహగూనుని సందేహము. ఆ గుడియే నేఁటి గ్వాదలూపేమాత మందిరము. 1531 లో హువాన్ దియేగో యను దేశీయునకు మాత దర్శనమిచ్చెనని భక్తుల విశ్వాసము. ఆ కథ 1649 లో నావాత్లుభాషయందే యచ్చుపడినది. 2002 లో హువాన్ దియేగో పునీతుఁడుగాఁ బ్రకటింపఁబడెను.

సాహగూనుని సందేహమునుండి రెండు మతములు పుట్టినవి. పండుగ యంతయుఁ బాతమతమే, పైన మాత్రము క్రైస్తవపుఁ బూఁత యని యొకరు. స్పెయినుపల్లెలలోని పండుగయే యోడనెక్కి వచ్చినదని వేఱొకరు. రెండింటికిని సాక్ష్యములు గలవు, రెండును జాలవు. మూర్లకును గ్రైస్తవులకును నడచిన పోరాటమును నటించు నృత్యము స్పెయినునుండి వచ్చినదే; దానిని సాన్తియాగో పండుగనాఁ డాడుచున్న దేశీయుఁ డాపోరాటమును జూచినవాఁడును గాఁడు, అందలి యే పక్షమువాఁడును గాఁడు. ఐనను నది వానియూరి నృత్యము. ఎచటినుండి వచ్చినదను ప్రశ్నకంటె, వచ్చినదాని నెవరు మోసికొనివచ్చుచున్నారను ప్రశ్నయే యీ పండుగలవిషయమున ముఖ్యమని నాతలంపు.

"మోయుట" యనుమాట నిచట నూరక వాడలేదు. పండుగను నడపు పదవికి స్పానిషుభాషలో "కార్గో" అని పేరు. ఆ పదమునకు మొదటి యర్థము బరువు. రెండవ యర్థము పదవి. మనమును "కార్యభారము వహించుట" యందుము గదా. ఒకయేఁటికిఁ బునీతుని భారమును వహించువాఁడు "మయొర్దోమో." అతఁడు పూలకును, మైనపువత్తులకును, తారాజువ్వలకును, వాద్యకాండ్రకును, వచ్చినవారి భోజనమునకును దన సొమ్ము వెచ్చించును. జీతము లేదు సరిగదా, కొన్నియేండ్లుగాఁ గూడఁబెట్టిన ధనము నాలుగైదు దినములలోఁ గరఁగిపోవుటయు నుండును. పదవినుండి దిగినపిదప వానికి మిగులునది యూరిలోని మాట, పెద్దఱికము. చిన్న కొలువుతో నారంభించి, నడుమనడుమ విశ్రాంతి గొనుచు, గుడికొలువును ఊరికొలువును మార్చిమార్చి చేయుచుఁ బైమెట్టున కెక్కినవాఁడే యూరిపెద్ద. చియాపాస్ రాష్ట్రమునందలి సినాకాన్తాన్ అను మాయాజాతివారి యూరిలో నీ పదవులకై జనులు ముందుగాఁ బేళ్ళు వ్రాయించుకొని యిరువదియేండ్లవఱకుఁ గాచియుండుటను ఫ్రాంక్ కాన్సియన్ 1965 లోఁ బ్రకటించిన గ్రంథమున వర్ణించెను. తన సొమ్ము పోగొట్టుకొనుటకై యిరువదియేండ్లు వరుసలో నిలుచువారు లోకమునం దఱుదు.

ఇది యనాదినుండి యున్న యాచారమని యూరివారందురు. చిరకాలము పండితులును నట్లే యనిరి. కాని 1985 లో జాన్ చాన్స్, విలియం టేలర్ అనువారు ప్రకటించిన వ్యాస మీ తలంపును గదలించినది. స్పెయినుపాలనకాలమునఁ బండుగల వ్యయమును ముఖ్యముగా "కోఫ్రాదియా" యను భక్తసోదరసంఘములు భరించెడివి. వానికిఁ బొలములుండెను, పశువులమందలుండెను; వాని రాఁబడితోఁ బండుగ జరిగెడిది. 18 వ శతాబ్దాంతమున దొరతనమువా రా యాస్తులపైఁ గన్నువేసిరి. స్వాతంత్ర్యమువచ్చిన పిదప 1856 నాఁటి లేర్దో శాసనము మతసంఘముల యుమ్మడియాస్తులను వ్యక్తులపరము గావింపఁబూనెను. సంఘముయొక్క పొలము పోయినది గాని పునీతుని దినము పోలేదు. ఆ వ్యయ మొక్కొక్క సంవత్సర మొక్కొక్క గృహస్థుని మీఁదఁ బడినది. కావున నేఁడు మనము చూచు నేకవ్యక్తి పోషణము చాలవఱకు 19 వ శతాబ్దమున రూపొందినదని వారి సిద్ధాంతము. దీనివలన నాచారపు గౌరవము తగ్గినదని కొందఱు బాధపడవచ్చును. నాకు మాత్రము, ఆస్తి పోయిననాఁడు పండుగను మానక తమ భుజములకెత్తుకొన్న యాపల్లెవారిపై గౌరవము హెచ్చినది. అట్టి పరీక్షయే మరల నొకటి 1926 లో వచ్చెను. ప్రభుత్వమునకును మఠాధిపతులకును వైరము ముదిరి, ఆ సంవత్సరము జూలైనెల తుదినుండి 1929 వఱకు దేశమంతట గుడులలో బహిరంగపూజ నిలిచిపోయెను. గురువు లేకున్నను బ్రతిమను గాచుకొన్నవారు, వత్తి వెలిఁగించినవారు నీ యూరి కాపులే.

పండుగ యెట్లు జరుగునో యించుక చెప్పెదను. తొమ్మిదిదినములు ముందుగాఁ బ్రార్థన లారంభమగును. వీథులపై నడ్డముగాఁ ద్రాళ్ళు గట్టి, సన్నని రంగుకాగితములను నులితో జాలలవలెఁ దొలిచి వ్రేలఁగట్టుదురు; ఈ పని పూయెబ్లా రాష్ట్రమునందలి సాన్ సాల్వదోర్ వీష్కొలోత్లా యూరివారికిఁ గులవృత్తివంటిది. గుడివాకిట నెత్తైన పూఁదోరణము నిలుపుదురు. మెక్సికోవారి పండుగలలోఁ దఱచుగాఁ గానవచ్చు పూవులలో బంతి యొకటి. మన గడపలకుఁ గట్టు బంతిపూవున కాదేశమే పుట్టినిల్లు, సముద్రముదాఁటి వచ్చి మనదైపోయినది. పండుగనాఁడు తెల్లవాఱకమున్నే తారాజువ్వల మ్రోఁతయు, బూరలును డోళ్ళును గలిసిన వాద్యగోష్ఠియుఁ బునీతుని మేలుకొలుపును. పూజ యైనపిదపఁ బ్రతిమను భుజములపై నెత్తుకొని యూరేఁగింతురు. పిమ్మట మయొర్దోమో యింట భోజనములు. మొక్కజొన్నపిండిని ఆకులలోఁ జుట్టి యుడికించిన తమాలులు, మిరపకాయలు పలువిధములు నూఱి కాచిన మోలే యను పులుసు, మాంసము. పిలువనివాఁడును వచ్చును, వచ్చినవాఁ డాఁకలితోఁ బోఁడు. రాత్రి "కాస్తీయో", అనఁగాఁ గోట, యని పిలువఁబడు నెత్తైన మంచెపై బాణసంచా వెలిఁగింతురు. చక్రములు వరుసగాఁ దిరిగి తుదకుఁ గొనపైఁ బునీతుని రూపమో పేరో నిప్పుతో వెలుఁగును.

ఈ బాణసంచాపని కాకరమైనది మెక్సికోనగరమున కుత్తరముననున్న తుల్తెపెక్. ఆ వృత్తివారికిఁ బాలకుఁడు సాన్ హువాన్ దె దియోస్. ఆయన పండుగ మార్చి 8. ఆ సమయమునఁ గాగితపుటెద్దులను జేసి, వానినిండఁ బటాసులు గట్టి, నిప్పంటించి, మోయుచు వీథులలోఁ బరువెత్తుదురు. అదే తుల్తెపెక్‌లో 2016 డిసెంబరు 20 న నంగడివీథి పేలి నలువదిమందికిఁ బైగా మరణించిరి. క్రిస్మసు వచ్చుచున్నందున సరకు నిండుగానుండిన దినమది. పండుగల కాంతినిగూర్చి వ్రాయువా రా కాంతిని జేయు చేతులనుగూర్చి సాధారణముగా వ్రాయరు.

ప్రసిద్ధమైన యుదాహరణ మొకటి చూతము. చియాపాస్ రాష్ట్రమున గ్రిహాల్వా నదియొడ్డున చియాపా దె కోర్సో యను ప్రాచీనపట్టణము గలదు. జనవరినెలలో 23 వ తేదీవఱకు నట జరుగు "మహోత్సవము"నఁ బూజలందుకొనువారు మువ్వురు: ఎస్కిపూలాస్ ప్రభువను పేర సిలువపై నున్న క్రీస్తు, మఠవాసియైన సాన్ ఆంతోనియో, హతసాక్షియైన సాన్ సెబాస్త్యాన్. వీరిలోఁ గడపటివాని దినము 20. ఆ దినములలోఁ "బారాచీకో"లను నృత్యకారులు ప్రతిమలవెంట నూరంతయుఁ దిరుగుదురు. చెక్కి లక్కవేసిన కొయ్యముఖములు, తలపై నారతోఁ జేసిన జడకట్టు టోపి, భుజములపై రంగురంగుల సరాపే కంబళి, చేత రేకుగిలకలు, ఇది వారి వేషము. కొయ్యముఖమునకు మాత్రము తెల్లనిచర్మము, గడ్డము, స్పెయినుదేశీయుని పోలికలు. వీరికి నాయకుఁడు "పాత్రోన్." అతని ముఖము మఱింత కఠినము, గితారును గొరడాయును ధరించి, పిల్లనగ్రోవి నూఁదుచుఁ, దప్పెటకాండ్రు తోడురాఁగాఁ, బునీతులను స్తుతించును, మిగిలినవారు జయధ్వానములతో బదులుపలుకుదురు.

ఈ వేషమున కొక కథ గలదు. స్పెయినుపాలనకాలమున మరీయా దె ఆంగూలో యను ధనికురాలు రోగియైన కొడుకుతో నీ యూరికి వచ్చెనఁట; ఇచటి నాటువైద్యుఁడు వానిని బాగుచేయుచుండ, బాలుని నవ్వించుటకై యూరివా రామె దేశపువారివలె వేషము వేసి యాడిరఁట. "పారా ఎల్ చీకో", "పిల్లవానికొఱకు", అనుమాట యీ పేరైనదని చెప్పుదురు. పదవ్యుత్పత్తికై కల్పింపఁబడిన కథలు మనకుఁ గ్రొత్తవిగావు గనుక దీని సత్యమును దరువుట వలదు. కథలో విశేష మేమనఁగాఁ, బాలితులు పాలకుల మొగములను దొడిగికొని యాడుచున్నారు. ఆడుచుఁ గారుణ్యముచేత నాడితిమనుచున్నారు. 2010 లో నైక్యరాజ్యసమితి విద్యావిజ్ఞానసంస్థ యైన యునెస్కో దీనిని మానవజాతియొక్క యమూర్తవారసత్వములలోఁ జేర్చెను. ముఖమును జెక్కువాఁడు చెట్టును గొట్టి, యార్చి, చెక్కి, రంగువేయువఱకు నన్నిపనులును జేతితోనే చేయును. పిల్లలకు నేర్పువాఁడు వేఱుగా లేఁడు; పెద్దలవెంట నడచి, చూచి, యనుకరించి నేర్చుకొందురు.

నృత్యముకంటెను సంగీతమున నిచ్చిపుచ్చుకోలు స్పష్టముగాఁ గానవచ్చును. ఓహాకా రాష్ట్రపు టుత్తరపుఁగొండలలోని జపోతెకులకును, మిహే జాతివారికిని ఊరూర నొక వాద్యబృందము గలదు. ఒకయూరి పండుగకుఁ బొరుగూరి బృందము వచ్చి వాయించును. కూలి లేదు, తిండియు, నివాసమును మాత్రము. వీరి పండుగకు వారు వచ్చి ఋణము దీర్చుకొందురు. దీనిని "గొసోనా" యందురు. త్లావితోల్తెపెక్‌లో నిట్టి బాలబాలికలకు స్వరలిపియు, వాద్యములును నేర్పు సంగీతపాఠశాల 1970 దశకమునుండి ప్రసిద్ధికెక్కియున్నది. ఓహాకా లోయలోని తెయోతిత్లాన్ దెల్ వాయే యను నేఁతపనివారి యూరిలో నీ ఋణములను "గెలగేత్సా" యను పేరఁ బుస్తకములయందు వ్రాసికొందురు: ఫలానివారికి నిన్ని కోళ్ళు, ఇంత మొక్కజొన్న, ఇంత కోకో. లిన్ స్టీఫెన్ అను విదుషి 1991 నాఁటి గ్రంథమున దీనిని వివరించినది. మయొర్దోమో యగువాఁ డీపుస్తకమును దీసి, యెన్నియేండ్లుగానో తానిచ్చినవానిని మరల రాఁబట్టుకొనును. చాలనిచోఁ గ్రొత్తఋణములు చేయును. ఋణపుస్తకము తండ్రినుండి బిడ్డలకు వచ్చును. ఊరిలో నెవనికి నెవఁ డెంత ఋణపడియున్నాఁడో తెలిసినచో నా యూరిపటము తెలిసినట్లే.

ఇంత వ్యయము దగునా యని యాక్షేపము చిరకాలమునుండి యున్నది. ఓక్తావియో పాస్ అను మహాకవి 1950 లో వెలువడిన "ఏకాంతపుఁ జిక్కుదారి" యను గ్రంథమున నొక సంగతి వ్రాసినాఁడు. మీత్లా చెంతనున్న యొకయూరి పెద్దను, మీయూరి రాఁబడి యెంత యని యడుగఁగా, సంవత్సరమునకు సుమారు మూఁడువేల పెసో లనియు, మిక్కిలి బీదవారమనియు నతఁడు చెప్పెను. అది దేనికి వ్యయమగుచున్నదని యడుగఁగాఁ బండుగలకే యనియు, ఊరు చిన్నదైనను దమకుఁ బాలకపునీతు లిరువురనియు బదులుచెప్పెను. కవి యీ మాటను బరిహసింపలేదు. కాని పరిశోధకులు ద్విధా విభక్తులైరి. కలవాని మిగులును గరఁగించి యూరిలో హెచ్చుతగ్గులను దగ్గించునని ఎరిక్ వుల్ఫ్ తలంచెను. కాదు, బీదల కష్టఫలమును గుడికిని వర్తకునికిని దోఁచిపెట్టుటకై పైవారు మోపిన బరువిదియని మార్విన్ హారిస్ 1964 లో వాదించెను. కాన్సియన్ లెక్కలు గట్టి చూపినదేమనఁగాఁ, బండుగవలన ధనభేదము తొలఁగుటలేదు. కలవాఁడు పెద్దపదవిని దాల్చియుఁ గలవాఁడుగనే యున్నాఁడు. వాని కలిమిని మాత్ర మితరు లోర్చుచున్నారు. మువ్వురిలో నితఁడే యూరిని దగ్గఱగాఁ జూచినవాఁడని నాకుఁ దోఁచును.

అభిమానము బలమైనచోట బలాత్కారమును నుండును. సాన్ హువాన్ చామూలా గుడిని జూచినవారు దాని సౌందర్యమును మఱువరు: బల్లలు లేవు, నేలనిండఁ బచ్చని దేవదారునూఁగు, దానినడుమ వరుసలుగా వెలుఁగు వత్తులు, సోత్సీల్ భాషలో నడచు ప్రార్థనలు. జూన్ 24 వారి పండుగ. ఆ యూరినుండియే 1970 దశకము మొదలుకొని వేలకొలఁది జనులు వెడలఁగొట్టఁబడిరి. వారు ప్రొటెస్టెంటు మతమును బుచ్చుకొనిరి, లేక గుడిపద్ధతి నెదిరించిన కథోలికులైరి. పండుగచందా నీయమనిరి, పదవి వహింపమనిరి, మద్యమును గొనమనిరి. వత్తులును మద్యమును నమ్ముకొను పెత్తందారులకు వీరి నిరాకరణము ధర్మనష్టమే కాక ధననష్టమును గూడ. వెడలినవారు సాన్ క్రిస్తోబాల్ నగరపు టంచులఁ బేటలు గట్టుకొనిరి. ఊరిభారము నెత్తుకొన్నవాఁడే యూరివాఁడనుట గొప్పమాట. ఎత్తుకొననివాఁ డూరివాఁడు గాఁడనుట దాని మఱుముఖము. మెక్సికో రాజ్యాంగము మతస్వాతంత్ర్యమును జెప్పుచున్నది. 2001 లో సవరింపఁబడిన రెండవ యధికరణము దేశీయజనుల స్వపాలనమును గూడఁ జెప్పుచున్నది. ఈ రెంటి నడుమఁ బడిన తగవులు నేఁటికిని దీఱలేదు.

ఇఁక వలసపోయినవారి మాట. 1942 నుండి 1964 వఱకు నడచిన బ్రసేరో యొడంబడికవలన లక్షలకొలఁది మెక్సికోకాపులు కూలిపనికై యమెరికా సంయుక్తరాష్ట్రములకుఁ బోయిరి. పిదపఁ బోకడ యాఁగలేదు. పోయినవా రచట నూరిపేర సంఘములు గట్టికొనిరి. సకాతెకాస్ వా రిందుఁ బ్రసిద్ధులు. సంఘమువారు పంపు ప్రతి డాలరునకును బ్రభుత్వములు మూఁడుచేర్చి రోడ్డులు, నీటిగొట్టములు, గుడికప్పులు బాగుచేయించు పద్ధతి సకాతెకాస్‌లోఁ బుట్టి, 2002 లో దేశమంతటను వ్యాపించినది; సమాఖ్యప్రభుత్వము 2020 ప్రాంతమున దానిని విడిచినది. జాలిస్కో మొదలైన రాష్ట్రములలోఁ బండుగదినములం దొకదానిని "దూరమందున్న బిడ్డల దినము"గా నేర్పఱచిరి. ఆనాఁడు తిరిగివచ్చినవారే ముందునడచి ప్రతిమను మోయుదురు.

తిరిగి రాఁగలవారికి నది పండుగ. రాలేనివారి సంగతి వేఱు. 1994 నుండి సరిహద్దుకాపు గట్టిపడినకొలఁదిఁ, బత్రములు లేనివాఁ డొకపరి యూరికి వచ్చినచో మరలఁ బనికిఁ బోవుట ప్రాణసంకటమైనది. అతఁడు సొమ్ము పంపును. పండుగను గైదూరవాణిలో బొమ్మగాఁ జూచును. పునీతుని ప్రతిమవంటిదే యింకొకటి చేయించి, తామున్న నగరపు గుడిలో నుంచి, యదే దినమునఁ బండుగ చేసికొనువారును గలరు. 2002 నుండి గ్వాదలూపేమాత దివిటీని మెక్సికోనగరమునుండి న్యూయార్కువఱకుఁ బరుగువారు చేతులు మార్చుకొనుచుఁ గొనిపోవుచున్నారు. డిసెంబరు 12 న నది యచటి సెయింట్ పాట్రిక్ గుడిని జేరును. మనుష్యులు దాఁటలేని గీఁతను మంట దాఁటుచున్నది.

సొమ్ముతో సేవ దీఱునా యనునది నేఁటి ప్రశ్న. ఓహాకాలో 570 పురపాలక మండలములు గలవు. వానిలో నన్నూఱింటికిఁ బైగా 1995 నాఁటి శాసనము ననుసరించి యాచారముచొప్పున సభలోనే యధికారుల నెన్నుకొనుచున్నవి. అట్టియూళ్ళలో వలసపోయినవానికిఁ బదవి వచ్చినదని వార్త పోవును. అతఁడు పని మాని సంవత్సరమునకు రావలయును, లేక తనకు మాఱు మనిషిని గూలికిఁ బెట్టవలయును, లేక దండుగ గట్టవలయును. కొన్నియూళ్ళు మాఱుమనిషి నంగీకరించును, కొన్ని యంగీకరింపవు. పెద్దలు చెప్పు కారణము దృఢమైనది: డబ్బు పంపువాఁడు పండుగకు దాత యగును గాని సేవకుఁడు గాఁడు. చిన్నవారి బదులును దృఢమైనదే: ఆ డబ్బే లేకున్నచో వాద్యకాండ్రు లేరు, బాణసంచా లేదు, గుడికిఁ గప్పులేదు. మునుపు కోఫ్రాదియా పొలముచేసిన పనిని నేఁడు పరదేశపుఁ గూలిసొమ్ము చేయుచున్నది. పొలము గ్రామములోనే యుండెను, కూలి గ్రామములో లేదు. ఇంతే భేదము, కాని యిది చిన్నభేదము గాదు.

ప్రభుత్వముయొక్క యభిమానము మఱియొకవిధము. 1932 లో ఓహాకానగరపు నాలుగునూఱవ వార్షికమునకై యా రాష్ట్రపు వివిధప్రాంతములవారిని రప్పించి యొక రంగముపై నాడించిరి. నేఁడు "గెలగేత్సా" యను పేర జూలైనెల సోమవారములందు జరుగు మహాప్రదర్శన మా వంశములోనిదే. ఊళ్ళలో ఋణపుస్తకమునకుఁ బేరైన పదము నగరములోఁ జీటికొని చూచు నాటకమునకుఁ బేరైనది. 2006 లో నుపాధ్యాయుల యాందోళనమువలన నా ప్రదర్శనము నిలిచిపోఁగా, వారు డబ్బుపుచ్చుకొనని "ప్రజాగెలగేత్సా"ను దామే నడపిరి. రంగముపై నాడినవారిని నిందింపఁబనిలేదు. వారును దమయూరిపేరు నిలుపుటకే వచ్చిరి. కాని యచటఁ జూచువాఁడు వేఱు, ఆడువాఁడు వేఱు. ఊరిపండుగలోఁ గేవలము చూచువాఁ డుండఁడు. అన్నము తిన్నవాఁడెల్లను నెవనికో ఋణపడియే యింటికిఁ బోవును.

పండుగ ముగిసినమఱునాఁడో, కొన్నియూళ్ళలో ముగింపుపూజ వెంటనేయో, దిగిపోవు మయొర్దోమో క్రొత్తవానిని దన యింటికిఁ బిలుచును. సాక్షులుగాఁ బెద్దలు కూర్చుందురు. పునీతుని వస్త్రములు, దీపపుసెమ్మెలు, పూలకలశములు, చిల్లరడబ్బుల పెట్టె, లెక్కలపుస్తకము నొక్కొక్కటిగా బల్లపై నుంచి లెక్కపెట్టుదురు. తక్కువైనదానిని బాతవాఁడు పూరించవలయును. పాడైనదానికిఁ గ్రొత్తది తేవలయును. లెక్క సరిపడినపిదపఁ గ్రొత్తవాఁడు చేవ్రాలు సేసి, పెట్టె నెత్తుకొని, వాద్యములతోఁ దనవీథికి నడచును.